గోలు కాచిన ఎన్కోనో

ఫుట్‌బాల్ ఆటలో జట్టునకు పదునొకండుగురు ఆటగాండ్రు. వీరిలో పదుగురు బంతి వెంట పరుగులిడుదురు. ఒక్కడు మాత్రము వెనుక నిలిచి వేచియుండును. ఆ పదుగురు చేతితో బంతిని తాకుట తప్పు. ఈ ఒక్కనికి అదియే విధి. ఇతడే గోల్‌కీపరు. ఇతడు కాపాడవలసిన గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మూడు ఎడ్లబండ్లు ప్రక్కప్రక్కన సులువుగా పోగల వెడల్పది.

అంతటి ద్వారమును రెండు చేతులు గల మనుష్యుడు మూయుట యెట్లు? చూచువారికి గోల్‌కీపరు విద్య యంతయు గాలిలోనికి ఎగిరి బంతిని పట్టుటలో నున్నట్లు తోచును. నిజమునకు అది ఎక్కడ నిలువవలెనో ఎరుగుటలో నున్నది. దీపమునకు దగ్గరగా అరచేతిని పెట్టినచో గోడమీద నీడ పెద్దదగును. అట్లే గోల్‌కీపరు బంతికి ఎదురుగా కొన్ని అడుగులు ముందునకు వచ్చిన కొలదియు, బంతిని తన్నువానికి గోలు మరుగుపడి చిన్నదై కనబడును. మితిమీరి వచ్చెనా, బంతి అతని తలమీదుగా పోయి గోలులో పడును. ఈ కొలత నెవ్వరును తాడు పట్టి చూపజాలరు. అనుభవమే చూపవలెను.

కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనరాదని మన పెద్దలు చెప్పుదురు. గోల్‌కీపరు విషయమున ఈ సామెతలో మొదటి సగము చెల్లదు. ముందు ఆడువాడు పదిమారులు గురి తప్పి ఒక్కమారు గోలు చేసినను జనులు అతనిని భుజములపై నెత్తికొందురు. గోల్‌కీపరు పదిమారులు గోలు కాచి ఒక్కమారు కాలు జారెనా, ఆ ఒక్కటియే లోకమునకు జ్ఞాపకముండును. ఇట్టి కొలువున రెండు దశాబ్దములకు పైగా నిలిచి, ఆఫ్రికా ఖండమునుండి ఐరోపాకు పోయి పేరు గడించిన తోమాస్ ఎన్కోనో చరిత్ర మిక్కిలి ఆసక్తికరమైనది.

ఆఫ్రికాకు పడమటి ప్రక్కన సముద్రతీరమున కామెరూన్ అను దేశము కలదు. అందు సనాగా నదికి చేరువను దిజాంగే అనునొక చిన్న పట్టణమున్నది. దాని చుట్టును రబ్బరు తోటలు, నూనెతాటి తోటలు. ఎన్కోనో 1956వ సంవత్సరము జులై నెలలో అచ్చట జన్మించెను. నాటికి ఆ ప్రాంతము ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1960 జనవరి 1న స్వాతంత్ర్యము వచ్చునప్పటికి అతనికి నాలుగేండ్లైనను నిండలేదు.

యౌవనమున ఎన్కోనో రాజధానియైన యావుందే నగరమునకు చేరెను. ఆ నగరమున కానోన్, తొన్నేర్ అను రెండు పెద్ద క్లబ్బులు కలవు. ఫ్రెంచి భాషలో మొదటి పేరునకు ఫిరంగి యనియు, రెండవదానికి ఉరుము అనియు అర్థము. పేర్లకు తగినట్లే వాని నడుమ స్పర్ధయు గట్టిగా నుండెను. ఎన్కోనో రెండింటను ఆడినవాడు. కాని అతని కీర్తికి పునాది కానోన్ జట్టులోనే పడినది. ఆ జట్టు 1978లోను, మరల 1980లోను ఆఫ్రికా ఖండములోని క్లబ్బులన్నిటిలో విజేతగా నిలిచెను. 1979వ సంవత్సరమున ‘ఫ్రాన్స్ ఫుట్‌బాల్’ అను పత్రిక ఎన్కోనోను ఆఫ్రికాలో ఆ యేటి మేటి ఆటగానిగా ఎన్నుకొనెను. ఇట్టి బహుమానములు సాధారణముగా గోలులు చేయువారికే పోవును; గోలులు ఆపువారికి దక్కుట అరుదు. 1982లో అతనికే అది రెండవమారు లభించెను. గోల్‌కీపరులలో దానిని రెండుమారులు పొందినవాడు మరియొకడు లేడు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న మాటలో మొదటి పని ఇట్లు నెరవేరినది.

రచ్చ గెలుచుట అంత సులభము కాదు. దానికి కారణము తెలియవలెనన్న 1974వ సంవత్సరమునకు పోవలెను. ఆ యేట పశ్చిమ జర్మనీలో జరిగిన ప్రపంచకప్పు పోటీలకు జైర్ దేశపు జట్టు వచ్చెను. నేడు ఆ దేశమును కాంగో ప్రజాస్వామ్య గణతంత్రమందురు. సహారా ఎడారికి దక్షిణమున గల దేశములలో ఆ పోటీలకు చేరిన మొదటిది అదియే. పాపము, ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 9-0 గోలుల తేడాతో ఓడెను. మూడు ఆటలలో కలిపి 14 గోలులు సమర్పించుకొని, ఒక్కటియు చేయక ఇల్లు చేరెను. నాటినుండి ఐరోపాలో అనేకుల నోట ఒక మాట స్థిరపడిపోయెను: ఆఫ్రికావారు పరుగెత్తగలరు, ఎగురగలరు; కాని గోలు కాచుటకు వలయు నిదానము వారియందు లేదు. ఒక జట్టు మూడాటలలో ఓడినంతమాత్రమున ఒక ఖండమునకంతకు ఆ గుణము లేదనుట న్యాయమా? న్యాయము కాదు. కాని లోకమున ఇట్టి తీర్పులు న్యాయమును విచారించి పుట్టవు.

1982లో ప్రపంచకప్పు స్పెయిన్ దేశమున జరిగెను. ఆ యేడు జట్ల సంఖ్యను 16 నుండి 24కు పెంచిరి. ఆఫ్రికాకు రెండు స్థానములు లభించెను. వానిలో నొకటి అల్జీరియాకు, రెండవది కామెరూన్‌కు దక్కినవి. కామెరూన్ ఆటగాండ్రలో అనేకులు స్వదేశపు క్లబ్బులలో ఆడువారే గనుక ఐరోపాలో వారి పేర్లు ఎరిగినవారు కొద్దిమందియే. జూన్ 15న పెరూతో ఆడిన మొదటి ఆటలో ఎవ్వరును గోలు చేయలేదు. నాలుగు దినముల పిమ్మట పోలండుతో ఆడిరి. పోలండు ఆ పోటీలలో తుదకు మూడవ స్థానము గెలుచుకొనిన గట్టి జట్టు. ఆ ఆటలోను గోలు లేదు. పొడుగాటి నల్లని లాగు తొడిగికొని గోలు ముందు నిలిచిన ఆ గోల్‌కీపరు ఎవడని జనులు అడుగసాగిరి. తక్కిన గోల్‌కీపరులు పొట్టి లాగులతో ఆడుచుండ, ఇతడు మండుటెండలోను కాళ్లు కప్పుకొనియే ఆడుచుండెను.

జూన్ 23న వీగో పట్టణమున ఇటలీతో ఆట. తరువాతి అంచెకు పోవలెనన్న కామెరూన్ గెలువవలెను. విరామమునకు తరువాత గ్రాజియాని అను ఇటలీ ఆటగాడు తలతో కొట్టిన బంతి ఎత్తుగా వచ్చెను. దానికై వెనుకకు కదలిన ఎన్కోనో కాలు పచ్చికపై జారెను. బంతి అతనిని దాటి గోలులో పడెను. మరుసటి నిమిషముననే ఎంబిదా అను కామెరూన్ ఆటగాడు బదులు గోలు చేసెను. ఆట 1-1తో ముగిసెను.

లెక్క చూడుడు. ఇటలీ మూడాటలను సమముగా ముగించెను. కామెరూన్ కూడ మూడాటలను సమముగానే ముగించెను. ఇటలీ చేసిన గోలులు రెండు, కామెరూన్ చేసినది ఒకటి. ఆ ఒక్క గోలు తేడాతో ఇటలీ ముందునకు పోయెను, ఒక్క ఆటయైనను ఓడని కామెరూన్ ఇంటిదారి పట్టెను. ఇటలీ ఆ పిమ్మట అర్జెంటీనాను, బ్రెజిల్‌ను, పోలండును, కడపట పశ్చిమ జర్మనీని ఓడించి ప్రపంచ విజేత అయ్యెను. మూడాటలలో ఎన్కోనోను దాటిపోయిన బంతి ఒక్కటే. ఆ ఒక్కటి కాలు జారినపుడు పోయినది.

అయినను చూడవలసినవారు చూచిరి. అదే యేట బార్సిలోనా నగరమునందలి ఎస్పాన్యోల్ అను క్లబ్బు ఎన్కోనోను తన జట్టులో చేర్చుకొనెను. దీని విలువ తెలియుటకు నాటి నియమమొకటి తెలియవలెను. ఆ దినములలో స్పెయిన్ జట్టు ప్రతియొక్కటియు ఇద్దరు విదేశీయులను మాత్రమే ఆడించవచ్చును. సామాన్యముగా క్లబ్బులవారు ఆ రెండు స్థానములను గోలులు చేయు ప్రసిద్ధులకై దాచుకొందురు. అదే నగరమందలి మరియొక క్లబ్బైన బార్సిలోనా ఆ యేడే అపారమైన ధనము వెచ్చించి అర్జెంటీనానుండి మారడోనాను తెచ్చుకొనెను. ఎస్పాన్యోల్ ధనిక క్లబ్బు కాదు. అది తనకున్న రెండు స్థానములలో నొకదానిని గోల్‌కీపరునకు, అందును ఆఫ్రికావానికి ఇచ్చినది. అతడు విఫలుడైయున్నచో పాత మాటయే నిజమని చెప్పుకొనువారు ఎందరో ఉండిరి.

ఎన్కోనో విఫలుడు కాలేదు. సార్రియా అను ఆ క్లబ్బు మైదానమున సుమారు ఎనిమిదేండ్లు గోలు కాచెను. లీగు పోటీలలోనే రెండు వందలకు పైగా ఆటలాడెను. క్రిక్కిరిసిన ఆటగాండ్ర నడుమ ఎత్తుగా వచ్చు బంతిని పట్టుట అపాయకరము. అది చేజారినచో ఎదుటివాని కాళ్లయొద్ద పడును. అట్టి సమయములలో ఎన్కోనో గుంపుపైకి లేచి, పిడికిళ్లతో బంతిని దూరముగా గ్రుద్దివేయుచుండెను. సార్రియా ప్రేక్షకులకు అతని ఆటలో మిక్కిలి ప్రియమైన దృశ్యమిది.

హావియెర్ క్లెమెంతె శిక్షకుడై వచ్చిన పిమ్మట 1987లో ఎస్పాన్యోల్ లీగున మూడవ స్థానము పొందెను. దానివలన మరుసటి యేడు ఐరోపా దేశముల క్లబ్బులాడు యుఎఫా కప్పులో ప్రవేశము దొరకెను. అచ్చట ఆ జట్టు చేసినది ఆశ్చర్యకరము. ఆ యేటి ఇటలీ విజేతయైన మిలాన్ జట్టును రెండాటలలోను ఒక్క గోలైనను చేయనీయక ఇంటికి పంపెను. తరువాత అదే నగరపు ఇంటర్ జట్టును ఓడించెను. సెమీఫైనల్‌లో బెల్జియం దేశపు బ్రూజ్ జట్టు తన ఊరిలో 2-0తో గెలిచినను, సార్రియాలో జరిగిన మారు ఆటలో ఎస్పాన్యోల్ అదనపు సమయమున 3-0తో పైచేయి సాధించెను.

ఫైనల్‌లో ఎదుటివారు పశ్చిమ జర్మనీకి చెందిన లెవర్కుసెన్ జట్టు. 1988 మే 4న సార్రియాలో జరిగిన మొదటి ఆటను ఎస్పాన్యోల్ 3-0తో గెలిచెను. కప్పు చేతికి వచ్చినట్లే అందరును తలంచిరి. మే 18న లెవర్కుసెన్‌లో రెండవ ఆట. మొదటి సగమున గోలు లేదు. రెండవ సగమున మాత్రము ఒకటి, రెండు, మూడు గోలులు పడిపోయెను. బ్రూజ్ జట్టునకు తాము చేసినదానినే ఇప్పుడు తాము అనుభవించిరి. అదనపు సమయమునను తేలక, పెనాల్టీ తన్నులవరకు వచ్చెను.

పెనాల్టీ తన్ను అనగా నేమో చెప్పవలెను. బంతిని గోలుకు 12 గజముల దూరమున నుంచి, ఒక్కడు తన్నును. గోల్‌కీపరు ఒక్కడే ఆపవలెను. గట్టిగా తన్నిన బంతి అర సెకను లోపలనే గోలు చేరును. చూచి కదలుటకు వేళ చాలదు. తన్నువాని నడకను, నడుము వాలును బట్టి ఊహించి దుముకవలెను. ఎస్పాన్యోల్ మొదటి రెండు తన్నులును గోలులైనవి. లెవర్కుసెన్ మొదటి తన్ను వ్యర్థమైనది. కప్పు మరల అందుబాటునకు వచ్చెను. కాని ఎస్పాన్యోల్ ఆటగాండ్రు తక్కిన మూడు తన్నులను చెడగొట్టుకొనిరి. లెవర్కుసెన్ 3-2తో కప్పును గెలిచెను. తనవారు తన్నునప్పుడు గోల్‌కీపరు చేయగలిగినది ఏమియు లేదు. ప్రక్కన నిలిచి చూచుటయే. ఆ మరుసటి యేడు ఎస్పాన్యోల్ మొదటి శ్రేణినుండియే దిగజారిపోయెను.

ఇప్పుడు సామెతలోని రెండవ సగమునకు వత్తము. కామెరూన్ జట్టున జోసెఫ్ ఆంత్వాన్ బెల్ అను మరియొక గొప్ప గోల్‌కీపరు ఉండెను. ఫ్రాన్సులో మార్సెయ్, బోర్డో జట్లకు ఆడినవాడు. ఒక దేశమునకు ఇద్దరు మేటి గోల్‌కీపరులు ఒక్కకాలముననే దొరకుట భాగ్యమే. కాని ఆ ఇద్దరకును అది భాగ్యము కాదు, ఏలయన స్థానము ఒక్కటే. 1982లో ఎన్కోనో ఆడుచుండ బెల్ బయట కూర్చుండెను. 1990లో ఇటలీలో జరిగిన ప్రపంచకప్పునకు బెల్ మొదటివాడు, ఎన్కోనో రెండవవాడు. పోటీలకు ముందు బెల్ పత్రికలవారితో మాటలాడుచు, జట్టు సరిగా సిద్ధము కాలేదనియు, ఇట్టి స్థితిలో అర్జెంటీనాను ఎదుర్కొనజాలదనియు చెప్పెను. అతడు పలికినది తప్పని చెప్పుటకు వీలులేదు. కాని అధికారులకు ఆ మాటలు రుచింపలేదు. ఆట కొన్ని గంటలలో ఆరంభమగుననగా బెల్‌ను తొలగించి ఎన్కోనోను నిలువుమనిరి. ముప్పదినాలుగవ యేట నున్న ఎన్కోనో, ఆడుదునన్న ఆశ విడిచి కూర్చున్న వేళ పిలుపు వచ్చెను.

1990 జూన్ 8న మిలాన్ నగరమున, మారడోనా నాయకత్వమున నున్న ప్రపంచ విజేత అర్జెంటీనాతో ఆట. రెండవ సగమున కామెరూన్ ఆటగాడొకడు తప్పు చేసి మైదానమునుండి పంపివేయబడెను. పదుగురే మిగిలిరి. అట్టి స్థితిలో ఒమామ్ బియిక్ చాల ఎత్తునకు ఎగిరి తలతో బంతిని కొట్టెను. అది అంత వేగమైనది కాదు. నేరుగా గోల్‌కీపరు పుంపిదో వద్దకే పోయెను. అతని చేతులు తడబడి బంతి క్రిందుగా జారి గోలులో పడెను. నాలుగేండ్లకు ముందు ప్రపంచకప్పు గెలిచిన గోల్‌కీపరు ఆ పుంపిదోయే. ఎనిమిదేండ్ల క్రిందట వీగోలో తనకు జరిగినదానిని ఎన్కోనో ఇప్పుడు మైదానపు ఆ చివరనుండి చూచెను. కడపట కామెరూన్‌లో మరియొకడును పంపివేయబడెను. తొమ్మండుగురితో మిగిలిన నిమిషములను కాచుకొని 1-0తో గెలిచిరి.

ఆ పిమ్మట రొమేనియాను గెలిచిరి. సోవియట్ రష్యా చేతిలో 4-0తో ఓడినను తమ విభాగమున మొదటి స్థానమే నిలుపుకొనిరి. నేపుల్స్‌లో కొలంబియాతో జరిగిన ఆటలో, కొలంబియా గోల్‌కీపరు హిగీతా తన గోలును విడిచి చాల దూరము ముందునకు వచ్చి, బంతిని కాళ్లతో ఆడింపబోయెను. ముప్పదియెనిమిదేండ్ల రోజే మిల్లా దానిని లాగికొనిపోయి కాపరిలేని గోలులో వేసెను. కామెరూన్ 2-1తో గెలిచి, ఆఫ్రికా జట్లలో మొదటిదిగా క్వార్టర్‌ఫైనల్ చేరెను. అచ్చట ఇంగ్లండును ఇంచుమించు ఓడించినదే. ఆట ముగియుటకు ఏడెనిమిది నిమిషములున్నంతవరకు 2-1తో ముందుండి, లినేకర్ తన్నిన రెండు పెనాల్టీలవలన 3-2తో ఓడెను.

ఆ దినములలో ఇటలీలో, పాలరాతి గనులకు పేరొందిన కరారా పట్టణపు బాలుడొకడు టెలివిజనులో ఈ ఆటలు చూచుచుండెను. అతనికి పండ్రెండేండ్లు. అంతవరకు అతడు మైదానము నడుమ ఆడువాడు. గోల్‌కీపరు కావలెనన్న తలంపు అతనికి లేదు. ఆ పొడుగు లాగును, గుంపుపైకి లేచి బంతిని పిడికిలితో దూరముగా పోగొట్టు ఆ తెగువను చూచి మనసు మార్చుకొనెను. అతని పేరు జాన్‌లుయీజి బుఫోన్. 1995 నవంబరులో పదునేడేండ్ల ప్రాయమున పార్మా జట్టు తరఫున మిలాన్‌పై మొదటి ఆట ఆడి ఒక్క గోలైనను పోనీయలేదు. 2006లో ఇటలీ ప్రపంచకప్పు గెలిచినపుడు దాని గోలు కాచినవాడతడే. ఇటలీకి 176 ఆటలాడెను. తన్ను గోల్‌కీపరుగా చేసినది ఎన్కోనో యని బుఫోన్ పలుమారులు చెప్పినాడు. తన కుమారునకు తోమాస్ అను పేరు కలిపి పెట్టుకొనినాడు. 1982లో ఇటలీవారు గోలు చేసి ఇంటికి పంపిన గోల్‌కీపరును చూచియే ఇటలీకి గోల్‌కీపరు దొరకెనన్నమాట.

ఎన్కోనో ఎస్పాన్యోల్‌ను విడిచిన పిమ్మట సబదెల్ మొదలగు చిన్న జట్లలో ఆడెను. తరువాత దక్షిణ అమెరికాలోని బొలీవియాకు పోయి, 11,000 అడుగులకు పైగా ఎత్తున నున్న లా పాస్ నగరమున బొలీవర్ జట్టునకు ఆడెను. అంత ఎత్తున గాలి పలుచన గనుక బంతి మరింత వేగముగా వచ్చును. నలువదేండ్ల వయస్సున 1997 వరకు అచ్చట గోలు కాచి ఆట విరమించెను.

ఆట విరమించినను అవమానము తప్పలేదు. 2002లో మాలీ దేశమున ఆఫ్రికా కప్పు పోటీలు జరిగెను. ఎన్కోనో అప్పుడు కామెరూన్ గోల్‌కీపరులకు శిక్షకుడు. ఫిబ్రవరిలో మాలీతో సెమీఫైనల్‌కు ముందు అతడు మైదానము మీదికి రాగా, ఏదో మంత్రించిన వస్తువును అచ్చట పడవేసెనని పోలీసులు అతనిని పట్టి, వేలాది ప్రేక్షకులు చూచుచుండ బలవంతముగా లాగికొనిపోయిరి. మంత్రములకు చింతకాయలు రాలునా? కామెరూన్ ఆ ఆటను 3-0తో గెలిచి, ఫైనల్‌లో సెనెగల్‌ను కూడ ఓడించి కప్పు తీసికొనెను. జీవితమంతయు అభ్యాసముచే సాధించిన విద్య గలవానిని మాంత్రికుడనుట ఎంతటి అన్యాయమో వేరుగ చెప్పనేల? ఐరోపాలో ఆఫ్రికా గోల్‌కీపరునకు నిదానము లేదనిరి. ఆఫ్రికాలో అతని నిదానమునే మంత్రమనిరి.

పిమ్మట ఎన్కోనో బార్సిలోనాకు మరలి, ఎస్పాన్యోల్ క్లబ్బుననే గోల్‌కీపరులకు శిక్షకుడయ్యెను. అప్పటికి స్పెయిన్‌లో మాటలు మారిపోయినవి. కామెరూన్ దేశస్థుడే యైన జాక్ సొంగో 1997లో అచ్చటి లీగులో సగటున అతితక్కువ గోలులు ఇచ్చిన గోల్‌కీపరునకు ఒసగు జమోరా బహుమానమును గెలుచుకొని, 2000లో తన దెపోర్తివో జట్టుతో లీగును కూడ గెలిచియుండెను. అదే 2000లో సిడ్నీ ఒలింపిక్ పోటీలలో స్పెయిన్‌ను ఓడించి కామెరూన్ బంగారు పతకము పొందినపుడు, గోలు కాచిన కార్లోస్ కమెనీకి పదునారేండ్లు. ఆ కమెనీ 2004లో ఎస్పాన్యోల్‌కు వచ్చి ఎన్కోనో శిక్షణలో చేరెను.

ఎన్కోనో నిలిచిన సార్రియా మైదానము అప్పటికే లేదు. 1997లో దానిని కూల్చివేసి అచ్చట ఇండ్లు కట్టిరి, తోట వేసిరి. ఎస్పాన్యోల్ మోన్‌జుయిక్ కొండమీది ఒలింపిక్ మైదానమున ఆడుచుండెను. అచ్చట కమెనీ గోలు ముందు నిలిచెను. 2012 ఆరంభము వరకు, ఇంచుమించు తన గురువు నిలిచినన్ని యేండ్లు, ఆ క్లబ్బు గోలు కాచెను.